విమానాల మాటలు వినడానికి చేతిలో పట్టే రేడియో ఏది కొనాలి? మా నాన్న కోసం

బాల్కనీ_ఇర్వింగ్:

నమస్తే అండి. మేము డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటాం, డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టు కారులో పది నిమిషాలు. మా నాన్న గారు భీమవరం నుంచి ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. వచ్చిన రెండో రోజు నుంచి పొద్దున కాఫీ, సాయంత్రం టీ రెండూ బాల్కనీలోనే, చూపంతా ఆకాశం మీదే. ఫోన్‌లో ఫ్లైట్‌రాడార్ పెట్టి ఇచ్చాను, ఇప్పుడు ఏ విమానం ఏ ఊరి నుంచి వస్తోందో నాకంటే ముందు ఆయనే చెప్తున్నారు. మొన్న ఉన్నట్టుండి "ఒరేయ్, పైన ఉన్నవాళ్ళు కింద ఉన్నవాళ్ళతో మాట్లాడతారు కదా, అది మనం వినొచ్చా?" అని అడిగారు.

ఆయన మొదటి నుంచీ రేడియో మనిషి. మా ఇంట్లో షార్ట్‌వేవ్ సెట్టు ఉండేది, రాత్రి అందరూ పడుకున్నాక ముల్లు మెల్లగా తిప్పుతూ ఎక్కడెక్కడి స్టేషన్లో పట్టేవారు. అందుకే ఈ కోరిక తీర్చాలని గట్టిగా ఉంది.

ఇంటర్నెట్‌లో టవర్ మాటలు వినిపించే సైట్ ఒకటి పెట్టి చూశాం కానీ విమానం తల మీద నుంచి వెళ్ళిపోయాక ఎప్పటికో ఆ మాట వస్తోంది. నాన్నకు అది నచ్చలేదు, "కళ్ళ ముందు ఉన్నదే చెవిన పడాలి" అన్నారు. కాబట్టి రేడియోనే కొనాలి. వెతికితే 30 డాలర్ల వాకీటాకీ నుంచి 250 దాటిన పైలట్ల రేడియోల దాకా ఉన్నాయి, ఒక షాపులో అయితే 600 పైన ఉన్న డిజిటల్ స్కానర్ తీసుకోమన్నారు. నా బడ్జెట్ 150. ఏది కొనాలి, ఇలా వినడం ఇక్కడ తప్పు కాదు కదా, నాన్న వెళ్ళేటప్పుడు ఇండియాకు తీసుకెళ్ళొచ్చా, ఈ మూడూ చెప్తే చాలు.

పాత_స్కానర్:

మీ నాన్న గారి ప్రశ్న చదివి చాలా సంతోషం వేసింది అండి. పన్నెండేళ్ళుగా ఇదే వింటున్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ముందు ఆ 600 డాలర్ల సంగతి. స్కానర్ అంటే ఛానెళ్ళన్నీ ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతూ, మాట వినిపించిన చోట ఆగే రేడియో. ఆ డిజిటల్ స్కానర్లు పోలీసు, ఫైర్ వాళ్ళ కొత్త డిజిటల్ వ్యవస్థలు వినడానికి. విమానాల వాళ్ళు మాట్లాడేది ఇప్పటికీ మామూలు అనలాగ్ ఏఎమ్‌లోనే, 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య. అంటే మనం పాటలు వినే ఎఫ్ఎమ్ బ్యాండు 108 దగ్గర అయిపోయాక, ఆ పైన దారి చూపే పరికరాల సిగ్నళ్ళు 118 దాకా, అక్కడి నుంచి వీళ్ళ మాటలు. దీనికి డిజిటల్ ఏమీ అక్కర్లేదు. కాబట్టి రేడియో కొనేటప్పుడు చూడాల్సింది ఒక్కటే, ఆ బ్యాండును ఏఎమ్‌లో వినిపిస్తుందా లేదా. "136 నుంచి 174" అని రాసి ఉన్న మామూలు వాకీటాకీలు చాలా ఉన్నాయి, అవి ఎఫ్ఎమ్ సెట్లు, విమానాల దగ్గరకే రావు.

మీ బడ్జెట్‌లో నేను చెప్పేది యూనిడెన్ బీసీ125ఏటీ. 500 ఛానెళ్ళు, వాటిని పది బ్యాంకులుగా, అంటే గుంపులుగా, విడగొట్టుకోవచ్చు, ప్రతి ఛానెల్‌కూ పేరు రాసుకోవచ్చు, అంటే తెర మీద అంకె బదులు "ఈస్ట్ టవర్" అని కనిపిస్తుంది, పెద్దవాళ్ళకు అది చాలా సుఖం. మిలిటరీ విమానాలు వాడే 225 నుంచి 380 దాకా కూడా పడుతుంది. ముఖ్యంగా ఇది వినడానికి మాత్రమే, మాట్లాడే బొత్తామే ఉండదు. ఫ్రీక్వెన్సీలు తెలియకపోయినా సర్వీస్ సెర్చ్‌లో సివిల్ ఎయిర్ పెడితే అదే వెతుక్కుంటూ పోతుంది. కొన్న రోజే ఏదో ఒకటి వినిపిస్తుంది.

ఇంకొంచెం పెట్టగలిగితే ఐకామ్ ఐసీ-ఆర్6 ఉంది, జేబులో పట్టేంత చిన్నది, సెకనుకు 100 ఛానెళ్ళు చుట్టేస్తుంది. ఈ వేగం ఎందుకంటే విమానాల వాళ్ళ మాట నాలుగైదు సెకన్లలో అయిపోతుంది, స్కానర్ నెమ్మదిగా తిరిగితే అది అక్కడికి చేరేసరికి వీళ్ళు ముగించేస్తారు. అయినా నాన్న గారికి మొదటిదే చాలని నా అభిప్రాయం.

మిగిలిన డబ్బు యాంటెన్నాకు పెట్టండి. రేడియోతో వచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా జేబుకు అనువుగా ఉండాలని చేసింది. 125 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 2.4 మీటర్లు, అందులో నాలుగో వంతు అంటే 60 సెంటీమీటర్లు, దాదాపు రెండడుగులు ఉండాలి. ఈ రేడియోకు సరిపడే బీఎన్‌సీ కనెక్టర్ ఉన్న టెలిస్కోపిక్ యాంటెన్నా తీసుకుని అంత పొడవుకు లాగి పెట్టుకోండి. రెండు వందల డాలర్ల రేడియో గదిలో కూర్చుని వినడం కంటే వంద డాలర్ల రేడియో బాల్కనీలో నిలబడి వినడం వెయ్యి రెట్లు మేలు, ఇది మాత్రం గుర్తుంచుకోండి.

చట్టం సంగతి: 1986 నాటి ఎలక్ట్రానిక్ కమ్యూనికేషన్స్ ప్రైవసీ యాక్ట్‌లో విమానాల, ఓడల రేడియో మాటలు వినడానికి స్పష్టంగా మినహాయింపు ఉంది. న్యూయార్క్, ఫ్లోరిడా లాంటి చోట్ల పోలీసు ఫ్రీక్వెన్సీలు పట్టే స్కానర్ కారులో ఉంచుకోవడం మీద ఆంక్షలు ఉన్నాయి, అటు రోడ్ ట్రిప్ వెళ్తే ఆ రాష్ట్రం నియమం చూసుకోండి. ఇంట్లో కూర్చుని విమానాలు వినడానికి మీకు ఏ టెన్షనూ లేదు.

ఫ్రిస్కో_సాయంత్రం:

నేను చవకది కొని చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నాను, కంపెనీ పేరు వద్దు. 30 డాలర్ల వాకీటాకీ, పెట్టె మీద ఎయిర్‌బ్యాండ్ (విమానాల మాటల బ్యాండు) అని పెద్ద అక్షరాలతో ఉంది. ఊరి బయట బాగానే పట్టింది, డాలస్‌లో పని మీద వెళ్ళినప్పుడు ఆన్ చేస్తే విమానాల మాటల మీద ఎవరో పాటల స్టేషన్ వచ్చి కూర్చుంది. తర్వాత తెలిసింది, ఇలాంటి చవక సెట్లలో బయటి సిగ్నళ్ళను వడకట్టే భాగం సరిగా ఉండదట, ఇక్కడేమో సీడర్ హిల్‌లో ఎఫ్ఎమ్, టీవీ టవర్లన్నీ ఒకేచోట నిలబడి ఉన్నాయి. 88 నుంచి 108 దాకా ఆపేసే చిన్న ఫిల్టర్ ఒకటి యాంటెన్నాకూ రేడియోకూ మధ్య బిగిస్తే చాలా మటుకు తగ్గింది. కానీ రేడియో, ఫిల్టర్, మంచి యాంటెన్నా అన్నీ కలిపి చూస్తే అసలు స్కానరే కొనుక్కుని ఉండాల్సింది.

డెంటన్_సోలో:

డెంటన్‌లో ఫ్లయింగ్ నేర్చుకుంటున్నాను, ప్రైవేట్ లైసెన్స్ చేతికొచ్చి ఏడాది. యాయెసు ఎఫ్‌టీఏ-250ఎల్, ఐకామ్ ఐసీ-ఏ25ఎన్ లాంటి పైలట్ రేడియోల గురించి ఒక్క మాట చెప్పాలి. అవి చాలా మంచి సెట్లు, నా బ్యాగులో కూడా ఒకటి ఉంటుంది, విమానంలో రేడియో పోతే అదే దిక్కు. కానీ వినడానికి మాత్రమే అయితే దయచేసి అవి కొనకండి. పక్కన మాట్లాడే బొత్తాం ఉంటుంది. ఇంట్లో పిల్లలు ఉంటారు, సోఫా దిండు కింద పడి బొత్తాం నొక్కుకుపోయినా చాలు, ఆ ఫ్రీక్వెన్సీలో దగ్గర్లో ఉన్నవాళ్ళందరికీ దారి మూసుకుపోతుంది. లైసెన్స్ లేకుండా ప్రసారం చేయడం నేరం కూడా.

ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, ఏఎమ్‌లో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా పోయి కీచుమనే శబ్దం వస్తుంది. 1977 మార్చి 27న స్పెయిన్ వాళ్ళ టెనెరిఫే దీవిలో రెండు జంబో జెట్లు రన్‌వే మీద గుద్దుకుని 583 మంది చనిపోయారు. ఆ ప్రమాదానికి చాలా కారణాలు కలిసొచ్చాయి, అందులో ఒకటి ఇదే. టవరు "ఆగండి" అన్న మాటా, "మేమింకా రన్‌వే మీదే ఉన్నాం" అన్న రెండో విమానం మాటా ఒకదాని మీద ఒకటి పడి, పరుగు మొదలుపెట్టిన విమానంలో వాళ్ళకు కీచు శబ్దమే ఎక్కువ వినిపించింది. అయినా ఏఎమ్‌నే ఉంచుకోవడానికి కారణం ఉంది. ఎఫ్ఎమ్ అయితే బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని పూర్తిగా మింగేస్తుంది, రెండోవాడు మాట్లాడాడని కూడా తెలియదు. ఏఎమ్‌లో కనీసం కీచుమంటుంది, "బ్లాక్డ్" అని ఎవరో ఒకరు చెప్తారు, మళ్ళీ అడుగుతారు.

నాన్న గారిని ఒకటి గమనించమనండి. ఆ ప్రమాదం తర్వాత నుంచి "టేకాఫ్" అన్న మాటను ఎగరడానికి అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునేటప్పుడు మాత్రమే పలుకుతారు. మిగతా సమయమంతా "డిపార్చర్" అనే అంటారు. రేడియోలో ఇది స్పష్టంగా వినిపిస్తుంది. నాకు మొదటిసారి తట్టినప్పుడు ఒళ్ళు జలదరించింది.

శంషాబాద్_దారి:

అన్నా, నేను హైదరాబాద్ నుంచి. మూడో ప్రశ్నకు నా జవాబు: దయచేసి తీసుకురావద్దు. ఇక్కడ లైసెన్స్ లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవద్దని 1933 నాటి చట్టం నుంచీ ఉంది, 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కూడా రేడియో పరికరం ఉంచుకోవాలంటే అనుమతి కావాలనే చెప్తుంది. వినడానికేగా అని మనం అనుకుంటాం, పాటలూ వార్తలూ వచ్చే మామూలు రేడియోకు ఇబ్బంది లేదు గానీ ఇది ఆ కోవలోకి రాదు. 2025 మేలో ఆన్‌లైన్‌లో వాకీటాకీలు అమ్ముతున్న సైట్లకు వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసులు కూడా ఇచ్చింది. శాటిలైట్ ఫోన్లు తెలియక తెచ్చుకున్నవాళ్ళను ఎయిర్‌పోర్టులో ఆపిన సంగతులు పేపర్లో చూస్తూనే ఉన్నాం. అంత దూరం ప్రయాణం చేసి దిగిన పెద్దాయన కస్టమ్స్ వాళ్ళ ముందు నిలబడి యాంటెన్నా ఉన్న పెట్టె గురించి సంజాయిషీ చెప్పుకోవడం ఊహించుకుంటేనే బాధగా ఉంది. నాకూ వినాలని చాలా ఆశ, మా మేడ మీద నుంచి దిగే విమానాలు కనిపిస్తాయి, యాప్‌లో చూసుకుని సరిపెట్టుకుంటున్నాను. అంకుల్ వచ్చే ఏడు మళ్ళీ వస్తారు కదా, రేడియో మీ దగ్గరే భద్రంగా పెట్టండి.

లంక_గాలి:

అందరూ స్కానర్ అంటున్నారు, నేను ఒప్పుకోను. షార్ట్‌వేవ్ తిప్పిన చేతికి స్కానర్ ఏం రుచి? టెక్సన్ పీఎల్-660 చూడండి. షార్ట్‌వేవ్ ఉంది, ఎయిర్‌బ్యాండ్ 118 నుంచి 137 ఉంది, తిప్పుకోవడానికి చక్రం ఉంది, పొడుగు యాంటెన్నా దానికే ఉంది. ఆయన అలవాటుకు దగ్గరగా ఉండేది అదే.

పాత_స్కానర్:

లంక_గాలి గారూ, షార్ట్‌వేవ్ కోసం అయితే మీ మాటే నా మాట, ఆ సెట్టు నా దగ్గరా ఉంది. కానీ డీఎఫ్‌డబ్ల్యూలో ఏడు రన్‌వేలు, తూర్పు వైపు టవర్ ఒక ఫ్రీక్వెన్సీ, పడమర వైపు ఇంకొకటి, నేల మీద నడిపేవాళ్ళు వేరు, దిగబోయే విమానాలను దారిలో పెట్టే అప్రోచ్ వేరు. ఒక్కో దాని మీద ముల్లు పెట్టుకుని కూర్చుంటే కళ్ళ ముందు వెళ్తున్న విమానం ఏ ఫ్రీక్వెన్సీలో ఉందో ఎలా పట్టుకుంటాం? దాన్ని చేతితో పట్టలేం, స్కానరే పట్టాలి. పైగా అందులోనూ ఎయిర్‌బ్యాండ్ ఉంది కాబట్టి ఇండియాకు పట్టుకెళ్ళే విషయంలో శంషాబాద్ తమ్ముడు చెప్పిందే దానికీ వర్తిస్తుంది.

హౌన్స్‌లో_నుంచి:

బ్రిటన్‌లో ఉన్నవాళ్ళు ఇది చదివి ఇలాగే కొనేస్తారేమో అని రాస్తున్నాను. ఇక్కడ స్కానర్లు షాపుల్లో అమ్ముతారు గానీ విమానాల మాటలు వినడానికి చట్టం ఒప్పుకోదు. యూరప్‌లో ఇంకో తేడా, ఛానెళ్ళ మధ్య దూరం 8.33 కిలోహెర్ట్జ్, అమెరికాలో 25. వినడానికి అనుమతి ఉన్న దేశాల్లో ఉన్నవాళ్ళు ఆ 8.33 ఉన్న మోడలే చూసుకోవాలి.

బాల్కనీ_ఇర్వింగ్:

అందరికీ చాలా థాంక్స్. ఆ 125ఏటీనే తీసుకున్నాను, నిన్న వచ్చింది. యాంటెన్నా ఇంకా దారిలో ఉంది. రెండు సమస్యలు. స్కాన్ పెడితే ఒకే గొంతు గాలి ఎటు, మేఘాలు ఎంత ఎత్తు అని చదువుతూనే ఉంటుంది, రేడియో అక్కడే ఆగిపోయి కదలదు. రెండోది, హాల్లో ఉంటే గరగర తప్ప ఏమీ లేదు, బాల్కనీలోకి వస్తే పైలట్లు స్పష్టంగా వినిపిస్తున్నారు కానీ టవర్ వాళ్ళు అస్సలు లేరు. నాన్న "సగం సంభాషణే వస్తోంది" అంటున్నారు.

పాత_స్కానర్:

ఆ చదివే గొంతు ఏటిస్, ఎయిర్‌పోర్టు వాతావరణం, ఏ రన్‌వే వాడుతున్నారు అన్నవి రికార్డు చేసి ఆపకుండా తిప్పుతారు. అది ఎప్పటికీ ఆగదు కాబట్టి స్కానర్ అక్కడే ఉండిపోతుంది. ఆ ఛానెల్‌ను లాకౌట్ చేయండి, అంటే స్కాన్‌లో దాన్ని దాటేసేలా పెట్టండి, లేదా విడిగా ఒక బ్యాంకులో పెట్టుకుని కూర్చున్న మొదట్లో ఒకసారి వినండి. దిగే దిశ తెలిస్తే ఆ రోజు ఎక్కడ కూర్చోవాలో తెలుస్తుంది.

సగం సంభాషణ రావడం రేడియో తప్పు కాదండి. ఈ తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరే వెళ్తాయి. 35,000 అడుగుల ఎత్తులో ఉన్న విమానం మాట 200 మైళ్ళ అవతల నుంచి కూడా వస్తుంది, నేల మీద ఉన్న టవర్ యాంటెన్నా మాత్రం మధ్యలో రెండు బిల్డింగులు అడ్డొస్తే రాదు. దానికి బాధపడనక్కర్లేదు, టవర్ ఏం చెప్పిందో పైలట్ తిరిగి చెప్పి తీరాలి, ఆ రీడ్‌బ్యాక్ వింటే అవతలి సగం అర్థమైపోతుంది. హాల్లో గరగరకు కారణం చార్జర్లు, ఎల్ఈడీ బల్బులు. మాట లేనప్పుడు గరగరను ఆపే స్క్వెల్చ్‌ను గరగర ఆగిన చోట పెట్టి అక్కడితో వదిలేయండి, ఇంకా పెంచితే దూరపు మాటలు కూడా పోతాయి.

ఇంకో జాగ్రత్త. బ్యాటరీలు పెట్టే చోట లోపల చిన్న స్విచ్ ఉంటుంది, మామూలు సెల్సా, చార్జ్ చేసేవా అని. మామూలు సెల్స్ వేసి స్విచ్ రెండో వైపు పెట్టి యూఎస్‌బీ వైరు తగిలిస్తే అవి వేడెక్కి కారిపోతాయి. చార్జ్ అయ్యేవే వేసి ఇవ్వండి, ఇక నాన్న గారు ఆ మూత తీయాల్సిన పని ఉండదు.

ఆదివారం గ్రేప్‌వైన్ లేక్ ఒడ్డుకు తీసుకెళ్ళండి. ఇక్కడ ఎక్కువ రోజులు దక్షిణపు గాలి, అలాంటప్పుడు విమానాలు ఉత్తరం నుంచి ఆ చెరువు వైపు మీదుగానే దిగుతాయి. తూర్పు టవర్ 126.55, పడమర టవర్ 124.15, ఈ రెండూ చాలు. ఫ్రీక్వెన్సీలు అప్పుడప్పుడు మారుస్తారు, ఎయిర్‌నావ్ సైట్లో ఒకసారి సరిచూసుకోండి.

డెంటన్_సోలో:

వెళ్ళే ముందు నాన్న గారికి ఇవి చెప్పండి. రన్‌వే పేరు అది చూపే దిక్కు, 170 డిగ్రీల వైపు ఉంటే 17. డీఎఫ్‌డబ్ల్యూలో ఉత్తరం దక్షిణంగా ఐదు రన్‌వేలు ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయి, ఎడమ, మధ్య, కుడి అని పేర్లు మూడే ఉన్నాయి కాబట్టి దిక్కు ఒకటే అయినా కొన్నిటికి 17, కొన్నిటికి 18 అని పెట్టారు. విమానం పేరు చివర "హెవీ" అంటే 300,000 పౌండ్లు, అంటే దాదాపు 136 టన్నులు, లేదా అంతకు మించిన బరువుతో ఎగరగల పెద్ద విమానం, దాని వెనక గాలి సుడులు బలంగా ఉంటాయి కాబట్టి వెనక వచ్చేవాళ్ళు దూరం పాటించాలని ఆ మాట. తొమ్మిదిని "నైనర్" అంటారు, గాలిలో ఫైవ్, నైన్ కలిసిపోకుండా. బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్ళు రేడియోలో "స్పీడ్‌బర్డ్".

తిరుగు ప్రయాణంలో విమానంలో కూర్చుని ఏ రేడియో సెట్టూ ఆన్ చేయొద్దని కూడా చెప్పండి. వినే రేడియో కూడా లోపల సన్నటి సిగ్నల్ పుట్టిస్తుంది. మామూలు ఎఫ్ఎమ్ సెట్టులో అది స్టేషన్ కంటే 10.7 మెగాహెర్ట్జ్ పైన ఉంటుంది, అంటే 100 దగ్గర పాట వింటుంటే 110.7 దగ్గర, అది విమానం దారి చూసుకునే బ్యాండు.

బాల్కనీ_ఇర్వింగ్:

ఆదివారం వెళ్ళొచ్చాం. సాయంత్రం నాలుగు గంటలు చెరువు ఒడ్డున కుర్చీలు వేసుకుని కూర్చున్నాం, అమ్మ పులిహోర కట్టి ఇచ్చింది. కొత్త యాంటెన్నా పెట్టగానే టవర్ గొంతు కూడా వచ్చింది. మొదటి అరగంట నాన్నకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అంత వేగంగా మాట్లాడుతున్నారు, ముఖం కొంచెం చిన్నబోయింది. నేనే ఒక్కో విమానానికి "వన్ సెవెన్ సెంటర్, క్లియర్డ్ టు ల్యాండ్" అని తిరిగి చెప్తూ వచ్చాను. తర్వాత ఒక పెద్ద విమానం మెల్లగా చెరువు మీదకు వస్తుండగా రేడియోలో "స్పీడ్‌బర్డ్... హెవీ" అని వినిపించింది. నాన్న లేచి నిలబడి "లండన్ విమానం రా, ఇప్పుడే దిగమన్నారు" అని అరిచారు. నేను చెప్పలేదు, ఫోన్ చూడలేదు, ఆయనకే తెలిసింది.

ఇప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టారు. టైము, పిలుపు పేరు, రన్‌వే, మూడు గళ్ళు. భీమవరంలో షార్ట్‌వేవ్ స్టేషన్లు కూడా ఇలాగే రాసుకునేవారట, నాకు ఇన్నేళ్ళూ తెలియదు. రేడియో ఇక్కడే ఉంచుతాం అని చెప్పాను, "సరే, నోట్‌బుక్ తీసుకెళ్తాను" అన్నారు.

ఒక సందేహం ఉంది, ఆయనదే. పైకి లేచిన విమానాన్ని టవర్ వాళ్ళు ఇంకో ఫ్రీక్వెన్సీకి వెళ్ళమంటారు కదా, అక్కడితో మాకు మాట తెగిపోతోంది. ఆ తర్వాత ఎవరితో మాట్లాడతారు, అది పట్టాలంటే ఏం పెట్టుకోవాలి?

పాత_స్కానర్:

డిపార్చర్ కంట్రోల్, "రీజినల్ డిపార్చర్" అని పిలవడం వింటారు. దిగేవాళ్ళకు అదే "రీజినల్ అప్రోచ్". ఇంకా పైకి వెళ్ళాక ఫోర్ట్‌వర్త్ సెంటర్, అంటే ఎత్తులో దూరం వెళ్ళే విమానాలను చూసుకునే కేంద్రం. మూడింటికీ మూడు బ్యాంకులు చేసి ఛానెళ్ళకు పేర్లు పెట్టిన ఫైలు నా దగ్గర ఉంది, యూఎస్‌బీతో కంప్యూటర్ నుంచి నేరుగా ఎక్కించుకోవచ్చు. రాత్రికి పంపిస్తాను. అందులో 121.5 కూడా ఉంటుంది, అది అత్యవసరానికి, ఎక్కువసేపు నిశ్శబ్దంగానే ఉంటుంది, అయినా తీసేయకండి.